అక్షరాలు నేర్పించిన నవల: దేవకీనందన్ ఖత్రీ జీవితం

ఒక నవల బాగా అమ్ముడుపోయిందని చెప్పడానికి మనం సాధారణంగా ప్రతుల లెక్క చెబుతాం. ఇన్ని వేల ప్రతులు, ఇన్ని ముద్రణలు అంటాం. హిందీలో 1888లో వెలువడిన 'చంద్రకాంత' నవల గురించి మాత్రం ఇంకో రకమైన లెక్క చెబుతారు. ఆ నవల చదవాలనే కోరికతోనే ఎంతోమంది పెద్దవాళ్లు కొత్తగా నాగరి లిపి నేర్చుకున్నారు. బడి వయసు దాటినవాళ్లు, సంసారాలు ఉన్నవాళ్లు, కచేరీల్లో గుమాస్తాలుగా పనిచేస్తున్నవాళ్లు ఒక కథ కోసం అక్షరాలు దిద్దారు. మీరు కూడా చదువును పెద్దయ్యాక మళ్లీ చేతిలోకి తీసుకున్నవారే కనుక, ఈ సంగతి మీకు ఇతరులకంటే బాగా అర్థమవుతుంది.

ఆ నవల రాసిన దేవకీనందన్ ఖత్రీ జీవితాన్ని ఈ పాఠంలో చదువుతారు. అంతగా చదివిన ఆ పుస్తకాల తొలి ముద్రణ ప్రతులు దొరకడం ఎందుకు కష్టమో కూడా తెలుసుకుంటారు.

బాల్యం, చదువు

ఖత్రీ 1861 జూన్‌లో బీహారులోని పూసా ప్రాంతంలో, తల్లి పుట్టింటివారి ఊళ్లో పుట్టారు. ఆ ప్రాంతం ఇప్పుడు సమస్తిపూర్ జిల్లాలో ఉంది. తండ్రి పేరు లాలా ఈశ్వరదాస్. వారి పూర్వులది పంజాబు. రంజిత్ సింగ్ మహారాజు మరణించాక లాహోరు దర్బారులో కలతలు రేగాయి. ఆ రోజుల్లోనే ఈశ్వరదాస్ కాశీకి వచ్చి స్థిరపడ్డారు.

దేవకీనందన్ మొదట నేర్చుకున్నవి ఉర్దూ, పారశీకం. హిందీ, సంస్కృతం, ఇంగ్లీషు తరువాత వచ్చాయి. ఈ క్రమం గుర్తుపెట్టుకోండి. హిందీ నవలకు ఇంతమంది పాఠకులను తెచ్చిపెట్టిన మనిషి చదువు ఉర్దూతో మొదలైంది. ఆ కాలంలో ఉత్తర భారతదేశంలో ఇది వింతేమీ కాదు. వాయవ్య సరిహద్దు వైపు నుంచి బీహారు దాకా కచేరీ పనికి, ఉద్యోగానికి పనికివచ్చే చదువు చాలా కాలం ఉర్దూ, పారశీకాలే.

చదువు ముగిశాక ఆయన గయ దగ్గరి టికారీ సంస్థానానికి వెళ్లి అక్కడ పనిచేశారు. టికారీ రాజకుటుంబానికీ కాశీ రాజకుటుంబానికీ బంధుత్వం ఉంది. ఆ పరిచయం ఆయనకు కాశీలో అక్కరకు వచ్చింది. కాశీ మహారాజు ఈశ్వరీప్రసాద్ నారాయణ సింగ్ ఆదరణతో చకియా, నౌగఢ్ అడవుల గుత్త ఆయనకు దక్కింది.

అడవి గుత్త

గుత్తదారు అంటే చెట్లు కొట్టించి, కలప, అటవీ సరుకు అమ్ముకొని, సంస్థానానికి కట్టవలసిన పైకం కట్టేవాడు. నవలాకారుడికి ఇదేం శిక్షణ అనిపించవచ్చు. కానీ ఖత్రీకి ఆ అడవులే పాఠశాల అయ్యాయి. చకియా, నౌగఢ్ ప్రాంతం వింధ్య పర్వతాల అంచున ఉంది. కొండ చరియలు, జలపాతాలు, గుహలు, పాడుబడిన కోటలు, బురుజులు అడుగడుగునా కనిపిస్తాయి. పని మీద తిరుగుతూ ఆయన ఈ శిథిలాలను తీరికగా చూశారు. ఈ మెట్లు ఎక్కడికి దిగుతాయి, ఈ గోడ వెనుక ఏముంది అన్న ప్రశ్నలు ఆయన మనసులో నాటుకున్నాయి.

కొంతకాలానికి గుత్త చేయి జారింది. రాబడి పోయింది. మిగిలినదల్లా ఆ అడవి జ్ఞాపకం. దాన్నే ఆయన కథగా మార్చారు. అప్పటికి ఆయన వయసు 27 ఏళ్లు.

చంద్రకాంత కథ జరిగే చోట్లు ఊహించినవి కావు. నౌగఢ్, విజయగఢ్, చునార్ మూడూ ఇప్పటికీ ఉన్నాయి. మూడూ ఉత్తరప్రదేశ్‌లోనివే. నౌగఢ్ చందౌలీ జిల్లాలో, విజయగఢ్ సోన్‌భద్ర జిల్లాలో, చునార్ మీర్జాపూర్ జిల్లాలో ఉన్నాయి. చునార్ కోట గంగ ఒడ్డునే ఉంటుంది. కథలో నౌగఢ్ రాకుమారుడు వీరేంద్రసింహుడు విజయగఢ్ రాకుమారి చంద్రకాంతను ప్రేమిస్తాడు. వారి మధ్యకు మంత్రి కొడుకు క్రూర్‌సింహుడు, ఆ తరువాత చునార్ రాజు శివదత్తుడు అడ్డు వస్తారు. కథ ఇంతే. కానీ పాఠకులు ఆ పుస్తకాన్ని కింద పెట్టలేకపోవడానికి కారణం రాకుమారుడు కాదు, అతని పక్కనున్న తేజ్‌సింహుడు.

ఐయార్లు, తిలిస్మాలు

తేజ్‌సింహుడు ఐయార్. ఈ మాట పారశీకం నుంచి వచ్చింది. మారువేషం వేయగలవాడు, గొంతు మార్చగలవాడు, మత్తుపొడి చల్లి శత్రువును మూటగట్టి మోసుకుపోగలవాడు ఐయార్. మన భాషలో వేగులవాడు అనవచ్చు కానీ ఆ మాట సరిపోదు. ఐయార్‌లో గూఢచారి, గారడీవాడు, నమ్మినబంటు ముగ్గురూ ఉన్నారు. ఆడవాళ్లలోనూ ఐయార్లు ఉన్నారు. చంద్రకాంత చెలికత్తె చపల అలాంటిదే. తేజ్‌సింహుడికి ఏమాత్రం తీసిపోదు.

తిలిస్మ్ అనేది ఇంకో కొత్త మాట. నిధిని దాచి, దాన్ని చేరకుండా అడుగడుగునా ఆటంకాలు పెట్టి కట్టిన మాయాభవనం అది. ఎవరి పేరున కట్టారో వాడు మాత్రమే దాన్ని ఛేదించగలడు.

ఐయార్లూ తిలిస్మాలూ ఖత్రీ కనిపెట్టినవి కావు. ఉర్దూలో అమీర్ హంజా కథలు అప్పటికే ప్రసిద్ధం. వాటిలో భాగమైన 'తిలిస్మే హోష్‌రుబా' సంపుటాలను లక్నోలోని నవల్ కిశోర్ ముద్రణాలయం 1883 నుంచి వెలువరిస్తూ ఉంది. ఆ కథల్లో మాంత్రికులు, జిన్నులు, మంత్రాలు ఉంటాయి. ఖత్రీ వాటిని పక్కన పెట్టారు. ఆయన తిలిస్మాల్లో తలుపులు తెరుచుకునేది మరలతో, తీగలతో, బరువులతో. మనుషులు స్పృహ తప్పేది మందులతో. స్పృహ వచ్చేది ఘాటైన వాసన చూపిస్తే. ఎంత వింత జరిగినా చివరికి దానికొక కారణం చెబుతారు. ఈ మార్పు చిన్నదిగా కనిపిస్తుంది కానీ, నా ఉద్దేశంలో ఆయన విజయానికి సగం కారణం ఇదే. మంత్రంతో జరిగిన పనిని పాఠకుడు ఊహించలేడు. మరతో జరిగిన పనిని ఊహించవచ్చు. ఊహించాలనే తహతహే తరువాతి పుట తిప్పిస్తుంది.

మన తెలుగులో మధిర సుబ్బన్న దీక్షితులు రచించిన 'కాశీమజిలీ కథలు' చదివినవారికి ఈ రకం రుచి తెలుసు. ఒక కథలోంచి ఇంకో కథలోకి జారిపోతూ, తెల్లవారేదాకా దీపం ఆర్పనివ్వని పుస్తకాలు ఇవి.

లిపి ఎందుకు నేర్చుకోవలసి వచ్చింది?

ఇక్కడ కాసేపు చదవడం ఆపి ఆలోచించండి. హిందీ మాట్లాడే మనిషి హిందీ నవల చదవడానికి కొత్తగా అక్షరాలు ఎందుకు నేర్చుకోవాలి?

మాట్లాడే భాష ఒకటే అయినా రాసే లిపులు రెండు. కచేరీల్లో, పోలీసు ఠాణాల్లో, రెవెన్యూ కాగితాల్లో నడిచేది పారశీక లిపిలో రాసే ఉర్దూ. ఉద్యోగం కోరేవాడు, అతడు హిందువైనా ముస్లిమైనా, ఆ లిపే నేర్చేవాడు. నాగరి లిపి పండితులకు, పూజారులకు, కొన్ని ప్రాథమిక పాఠశాలలకు పరిమితమన్న భావన ఉండేది. నాగరి ప్రచారం కోసం 1893లో కాశీలో నాగరీ ప్రచారిణీ సభ ఏర్పడింది. అర్జీలు పెట్టారు, సంతకాలు సేకరించారు. చివరికి 1900 ఏప్రిల్ 18న వాయవ్య రాష్ట్రాల ప్రభుత్వం కచేరీల్లో నాగరి లిపిని కూడా అనుమతించింది.

అంటే చంద్రకాంత వెలువడిన నాటికి నాగరి నేర్చుకున్నంత మాత్రాన ఉద్యోగం రాదు, జీతం పెరగదు. అయినా నేర్చుకున్నారు. ఒకరు చదువుతుంటే పదిమంది కూర్చుని వినే కాలం అది. మరునాడు ఆ చదివేవాడు ఊళ్లో లేకపోతే ఐయార్ చిక్కుకున్న గోతిలోంచి ఎలా బయటపడ్డాడో తెలియదు. తానే చదువుకోగలిగితే ఆ బాధ లేదు. నాగరి లిపి కొంత శ్రద్ధ పెడితే వారాల్లో పట్టుబడుతుంది. భాష ఎలాగూ తెలిసినదే.

ఖత్రీ రాసిన భాష కూడా ఇందుకు తోడ్పడింది. సంస్కృత సమాసాలతో బరువెక్కించలేదు, పారశీకంతో నింపలేదు. బజారులో వినిపించే తేలిక హిందుస్తానీలో, చిన్న వాక్యాల్లో కథ చెప్పారు. ఉర్దూ చదివినవాడికి నాగరి అక్షరాలు మాత్రమే కొత్త, మాటలు పాతవే. మొదటి పుటలు కూడబలుక్కుంటూ చదివినవాడు నాలుగో భాగానికి వచ్చేసరికి ధారాళంగా చదివేవాడు. వాచకం రాసేవాళ్లం మేము ఎంత కసరత్తు చేసినా సాధించలేని పని ఇది.

పండితుల తీర్పు

హిందీ సాహిత్య చరిత్రకారులలో పెద్దవారు ఆచార్య రామచంద్ర శుక్ల. ఆయన గ్రంథం 1929లో వెలువడింది. ఖత్రీ నవలల్లో ఘటనలే తప్ప మనుషుల మనసు, జీవిత చిత్రణ లేవని, అందువల్ల అవి ఉన్నత సాహిత్యం కాదని ఆయన తేల్చారు. అయితే హిందీకి ఖత్రీ తెచ్చినంతమంది పాఠకులను మరే రచయితా తేలేదని, ఆ నవలల కోసం ఉర్దూ మాత్రమే వచ్చినవారు హిందీ నేర్చుకున్నారని కూడా ఆయనే నమోదు చేశారు. మెచ్చుకోనివాడు ఇచ్చిన సాక్ష్యం కాబట్టి దీనికి విలువ ఎక్కువ.

శుక్లగారి తీర్పు తప్పని చెప్పలేం. తేజ్‌సింహుడు ఒక రాత్రి ఒంటరిగా కూర్చుని ఏమనుకున్నాడో ఖత్రీ మనకు చెప్పరు. కానీ ఆ తరువాత ప్రేమ్‌చంద్ వంటివారు హిందీలో గంభీరమైన నవలలు రాసేనాటికి, నవల చదివే అలవాటున్న జనం సిద్ధంగా ఉన్నారు. ఆ అలవాటు ఎక్కడినుంచి వచ్చిందో మరిచిపోకూడదు.

సంతతి, సొంత ముద్రణాలయం

చంద్రకాంత నాలుగు భాగాలతో ముగిసింది. పాఠకులు ఊరుకోలేదు. చంద్రకాంత కొడుకులు ఇంద్రజిత్ సింహుడు, ఆనంద సింహుడు నాయకులుగా 'చంద్రకాంతా సంతతి' మొదలైంది. 1894లో ఆరంభమైన ఈ నవల సుమారు పదేళ్లపాటు సాగి 24 భాగాలైంది. మధ్యలో 'నరేంద్ర మోహిని', 'వీరేంద్ర వీర్', 'కుసుమ్ కుమారి' వంటి వేరే నవలలూ రాశారు.

1898లో ఖత్రీ కాశీలో లహరీ ప్రెస్ పేరుతో సొంత ముద్రణాలయం పెట్టారు. 1900లో 'సుదర్శన్' అనే మాసపత్రిక ప్రారంభించారు. దానికి మాధవప్రసాద్ మిశ్ర సంపాదకులు. రాసేవాడు, అచ్చువేసేవాడు, అమ్మేవాడు ఒక్కరే అయ్యారు. అడవి గుత్త పోయి వీధిన పడవలసిన మనిషి కలం మీద బతకడమే కాక పదిమందికి పని కల్పించారు. ఆ రోజుల్లో భారతీయ భాషల రచయితల్లో ఇలా నిలదొక్కుకున్నవారు తక్కువ.

తొలి ముద్రణలు ఏమయ్యాయి?

ఇంతమంది చదివిన పుస్తకం పాత ప్రతులు కుప్పలుగా దొరకాలి కదా అనిపిస్తుంది. జరిగింది దానికి విరుద్ధం. ఎవరూ చదవని పుస్తకం బీరువాలో శుభ్రంగా ఉంటుంది. అందరూ చదివిన పుస్తకం చేతులు మారి, అట్ట ఊడి, పుటల మూలలు మడతలు పడి, చివరికి పచారీ కొట్టులో పొట్లమవుతుంది. పాత పుస్తకాలు సేకరించేవారు చంద్రకాంత తొలి ముద్రణను అపురూపంగా చూడడానికి కారణం ఇదే.

దీనికి తోడు కాగితం సంగతి ఉంది. పందొమ్మిదో శతాబ్దం చివర చవక పుస్తకాలకు కలప గుజ్జుతో చేసిన కాగితం వాడకం పెరిగింది. అందులో ఉండే ఆమ్లం వల్ల కాగితం పసుపుబారి, పెళుసెక్కి, ముట్టుకుంటే విరుగుతుంది. గంగాతీరపు వానాకాలపు తేమ, చెదలు, వెండిపురుగులు మిగిలిన పని పూర్తి చేస్తాయి. సంతతి భాగాలుగా వెలువడడం మరో చిక్కు. ఒక ఇంట్లో మూడో భాగం పోతుంది, ఇంకో ఇంట్లో పదకొండోది. 24 భాగాలూ ఒకే కాలపు ముద్రణలో, అట్టలతో సహా కలిసి దొరకడం అరుదు.

పాత పుస్తకం ఏ ముద్రణదో ఎలా తెలుసుకోవాలి? మొదట ముఖపత్రం చూడాలి. నాటి హిందీ పుస్తకాల మీద తరచు విక్రమ సంవత్ ఉంటుంది. అందులోంచి 57 తీసివేస్తే క్రీస్తు శకం వస్తుంది. సంవత్ 1945 అని ఉంటే 1888 అన్నమాట. పాత తెలుగు పుస్తకాల మీద శాలివాహన శకం కనిపిస్తే 78 కలపాలి. శకం 1810 అన్నా 1888 అన్నా ఒకటే. ఏడాది మొదట్లోనో చివరలోనో వెలువడినదైతే ఒక సంవత్సరం తేడా రావచ్చు. ఎన్నోసారి ముద్రణ, ఎన్ని ప్రతులు అన్నది కూడా చాలా పుస్తకాల మీద అచ్చువేసేవారు. ముద్రణాలయం పేరు మరో ఆధారం. చంద్రకాంత 1888లో వచ్చింది, లహరీ ప్రెస్ 1898లో పుట్టింది. కాబట్టి లహరీ ప్రెస్ పేరున్న చంద్రకాంత ప్రతి ఎంత పాతదైనా మొదటి ముద్రణ కాజాలదు. మోసపోకుండా ఉండడానికి ఈ చిన్న లెక్క చాలు.

మీ ఇంట్లో పాత పెట్టెలో ఏదైనా పుస్తకం ఉంటే ఇప్పుడే తీసి ముఖపత్రం పరిశీలించండి. చిరిగిన పుటను మాత్రం జిగురు టేపుతో అతికించకండి. కొన్నేళ్లకు టేపు ఊడిపోతుంది, దాని మరక ఉండిపోతుంది. అట్టను కత్తిరించి కొత్త బైండు వేయిస్తే పుస్తకం గట్టిపడుతుంది గాని సేకర్తల దృష్టిలో విలువ తగ్గుతుంది.

ఈ విషయంలో పరాయి ప్రభుత్వపు చట్టం ఒకటి మనకు అనుకోని మేలు చేసింది. 1857 తిరుగుబాటు జరిగిన పదేళ్లకు, 1867లో, ప్రెస్సుల, పుస్తకాల నమోదు చట్టం వచ్చింది. దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకం ప్రతులను ప్రభుత్వానికి అప్పగించాలి. పుస్తకం పేరు, భాష, రచయిత, ముద్రాపకుడు, పుటలు, ఎన్నో ముద్రణ, ఎన్ని ప్రతులు, ధర ఎంత అన్న వివరాలతో మూడు నెలలకొకసారి జాబితాలు ప్రకటించేవారు. జనం ఏం చదువుతున్నారో కనిపెట్టి ఉండడం పాలకుల అవసరం. కానీ ఏ నవల ఎన్నిసార్లు అచ్చయిందో తెలుసుకోగోరే ఇప్పటి పరిశోధకులకు ఆ జాబితాలే దారి చూపుతున్నాయి. అలా సేకరించిన పుస్తకాల్లో కొన్ని లండన్‌లోని ఇండియా ఆఫీసు గ్రంథాలయానికి చేరాయి. ఆ సంపద ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. చదివి అరగదీసిన దేశంలో పోయిన ప్రతి, ఎవరూ తెరవని పరాయి దేశపు అలమరాలో మిగిలి ఉండడం విచిత్రమే. స్వాతంత్ర్యం వచ్చాక 1954లో చేసిన చట్టం ప్రకారం, ప్రచురణకర్తలు ప్రతి పుస్తకాన్నీ కలకత్తా జాతీయ గ్రంథాలయానికి, మద్రాసు, బొంబాయి, ఢిల్లీ నగరాల్లోని మూడు గ్రంథాలయాలకు పంపాలి. 1867 నాటి చట్టం స్థానంలో 2023లో కొత్త చట్టం చేశారు. అందులో పుస్తకాల ప్రసక్తి లేదు.

కథ చదవాలనుకునేవారికి ఈ చిక్కులేవీ లేవు. ఖత్రీ నవలల హక్కుల కాలం ఎప్పుడో ముగిసింది. అనేక ప్రచురణ సంస్థలు చవక ముద్రణలు వేస్తున్నాయి. 1994లో దూరదర్శన్‌లో చంద్రకాంత ధారావాహిక మొదలైనప్పుడు, హిందీ అంతగా రాని తెలుగు ఇళ్లలోనూ ఆదివారం ఉదయం టీవీ ముందు జనం చేరారు. ఆ ధారావాహిక నవలకు చాలా దూరం జరిగింది. ఖత్రీ కష్టపడి బయటికి పంపిన మంత్రతంత్రాలన్నీ తెర మీద తిరిగి లోపలికి వచ్చాయి. నవలలోని తేజ్‌సింహుడిని కలుసుకోవాలంటే పుస్తకమే చదవాలి.

చివరి నవల

సంతతిలో భూతనాథ్ అనే ఐయార్ ఒకడున్నాడు. మంచివాడో చెడ్డవాడో తేలదు. పాత పాపం ఏదో వాడిని వెంటాడుతూ ఉంటుంది. శుక్లగారు లేదన్న మనసు లోతు ఈ ఒక్క పాత్రలో కొంత ఉందని నాకు అనిపిస్తుంది. పాఠకులకూ వాడే ఎక్కువ గుర్తుండిపోయాడు. వాడి జీవితకథగా ఖత్రీ 'భూతనాథ్' అనే మరో పెద్ద నవల మొదలుపెట్టారు. ఆరు భాగాలు రాశారు. 1913 ఆగస్టు 1న, 52 ఏళ్ల వయసులో కాశీలో మరణించారు. భూతనాథ్ చేసిన పాపమేమిటో పూర్తిగా తేలక ముందే కలం ఆగిపోయింది.

ఆయన కుమారుడు దుర్గాప్రసాద్ ఖత్రీ అప్పటికి 18 ఏళ్లవాడు. లహరీ ప్రెస్‌నూ, ఆగిపోయిన కథనూ ఆయన చేతికెత్తుకున్నారు. తరువాతి కాలంలో మిగిలిన 15 భాగాలు రాసి భూతనాథ్‌ను 21 భాగాలతో ముగించారు. అందుకే ఆ నవల పాత ప్రతి చేతికి వస్తే, సేకర్తలు ముందుగా అది ఎన్నో భాగమో చూస్తారు. ఆరు లోపుదైతే అది తండ్రి రాసినది.